దువ్వితే కుక్క, దువ్వకపోతే కుట్టు

మా మేనత్త ఊరు నరసాపురానికి కూతవేటు దూరం. నా చిన్నప్పుడు ఆ ఊళ్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ అరుగు చూసినా నలుగురు ఆడవాళ్లు, నలుగురి ఒళ్లో నాలుగు దారపుండలు, మధ్యలో ఒక చంటిపిల్ల. ఇప్పుడు అరుగులూ తగ్గాయి, ఉండలూ తగ్గాయి. అత్త మాత్రం ఇంకా లేసు అల్లుతూనే ఉంది. తొమ్మిదో ఏట పట్టిన క్రోషా సూదిని అరవై ఆరొచ్చినా కింద పెట్టలేదు.

నేను హైదరాబాదులో ఉంటాను. ఊలు దారంతో అరచేతిలో పట్టే కుక్కల్ని అల్లుతాను. పిల్లలు ఆడుకునే బొమ్మల కోవలోవి కావవి. నిలబడే తీరు, మెడ తిప్పే తీరు చూసి "ఇది మా కుక్కే" అని పెంచినవాళ్లు గుర్తుపట్టాలి. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు అత్త గుమ్మం ముందు పడుకునే ఎర్ర ఊరకుక్కను అల్లడం మొదలుపెట్టాను. 5 సెంటీమీటర్ల ఎత్తు. పండగ వెళ్లేసరికి అల్లకం అయింది, దువ్వడం మిగిలింది. ఆ దువ్వడం దగ్గరే అత్తకూ నాకూ మాట పడింది. మూడు మధ్యాహ్నాలు వాదించుకున్నాం. ఆ మాటల్నే ఇక్కడ పెడుతున్నాను. నాకు జవాబు దొరకని చోట దొరికినట్టు రాసుకోలేదు.

అత్త: ఏదీ, ఇలా ఇయ్యి. అబ్బ, ఎంత బిగువుగా వేశావే! ఆవగింజ కూడా దూరేట్టు లేదు. సూది ఎంత?

నేను: ముప్పావు మిల్లీమీటరు. నీ దగ్గరున్న స్టీలు సూదుల్లాంటిదే అత్తా. దారమే వేరు. మెరినో ఊలు.

అత్త: ఈ గోదారి గాలికి ఊలెందుకే? ఒక్క వానాకాలం పెట్టెలో మరిచిపోయావంటే పురుగు తిని జల్లెడ చేసి పెడుతుంది. నేను నలభై ఏళ్ల కిందట అల్లిన మేజాగుడ్డ చూడు. ఉతికి గంజి పెడితే నిన్న అల్లినట్టుంటుంది.

నేను: నిజమే. ఊలంటే జంతువు వెంట్రుకే కదా, ఆ పురుగుకు అదే తిండి. నూలు జోలికి రాదు. అందుకే మూతబిగించే గాజుపెట్టెలో పెట్టి ఇస్తాను. అయినా ఊలే ఎందుకంటావా, ఆ పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. దువ్వితే పోగులు పైకి లేస్తాయి. గాట్లున్న సన్నసూదితో పొడిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని, ఎక్కడ అణగమంటే అక్కడ అణుగుతాయి. నూలును దువ్వితే పీచు రేగుతుందే గానీ బొచ్చు రాదు. యాక్రిలిక్ దువ్వినా మెత్తగా లేస్తుంది, కానీ ముద్దకట్టదు. కుక్క మూతి మీద వెంట్రుక చర్మానికి అంటుకుని ఉంటుంది చూడు, అది దాంతో రాదు.

అత్త: మన గొర్రెల ఉన్ని ఏం పాపం చేసింది?

నేను: మన కోస్తాలో తిరిగే నెల్లూరు గొర్రెకు తీయడానికి ఉన్నే ఉండదు అత్తా, మేకకున్నట్టు పొట్టి వెంట్రుక. తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కని గొర్రెల ఉన్ని తెచ్చి చూశాను. ముతక. ఇంత సన్న సూదికి లొంగలేదు. కానీ ఒక నల్లకుక్కకు మూపు మీదా తోక అడుగునా నాలుగేసి పోగులు గుచ్చితే, మెత్తటి మెరినో పక్కన అది అచ్చంగా గరుకు వెంట్రుకలా నిలబడింది. బొచ్చు వేలాడే జాతులకు మోహేర్ వాడతాను. అది అంగోరా మేకది. అంగోరా అనే పేరుతో అమ్మే ఊలు మళ్లీ కుందేలుది, అది నాకు పనికిరాదు. అతిగా ఉబ్బుతుంది.

అత్త: మేకదీ గొర్రెదీ కలిపితే కుక్క. సరే. ఇంతకీ దీనికి శాంపిలు ముక్క ఏదీ? ఏది చూసి అల్లావు?

నేను: అదిగో, గుమ్మం ముందు పడుకుంది.

అత్త: నేనడిగింది ఆ శాంపిలు కాదే. కుట్టు లెక్క ఎవరిచ్చారు?

నేను: అదే చెబుతున్నాను, దాన్నే కొలిచాను. పక్కనుంచీ ఎదురుగానూ పైనుంచీ ఫొటోలు తీశాను. రొట్టెముక్క చూపించి టేపు పట్టాను. మూపు దగ్గర ఎత్తు 50 సెంటీమీటర్లు, రొమ్ము చుట్టుకొలత 60, నడుం 45. పదోవంతుకు దించాను. ఈ దారం, ఈ సూది, నా చేతి బిగువుకి సెంటీమీటరుకు 6 కుట్లు పడతాయి. రొమ్ము దగ్గర 6 సెంటీమీటర్లంటే 36 కుట్లు. నడుం దగ్గర నాలుగున్నరంటే 27.

అత్త: అంటే తొమ్మిది తగ్గించాలి. వరసకు మూడు చొప్పున మూడు వరసల్లో, చుట్టూ సమానంగా. దీనికింత కాగితం దేనికి?

నేను: అలా తగ్గిస్తే సొరకాయ వస్తుంది అత్తా. దాని వీపు చూడు, సరళరేఖ. రొమ్ము లోతు. డొక్కల దగ్గర పొట్ట పైకి లాక్కుపోయి ఉంటుంది. అందుకని తొమ్మిదీ పొట్ట కిందే తగ్గించాను. వీపు మీద ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఊరకుక్క అని దూరం నుంచే తెలిసేది ఆ గీతతోనే. ఇదే లాబ్రడార్ అయితే కింద ఇంత తగ్గింపు ఉండదు, దాని పొట్ట రొమ్ముతో ఇంచుమించు సమానంగా సాగుతుంది. ముధోల్ వేటకుక్కకో చిప్పిపారైకో అయితే ఇంకా తగ్గించాలి. కుట్లు ఎన్ని అన్నది పరిమాణం చెబుతుంది. ఎక్కడ తగ్గించామన్నదే కుక్కను చెబుతుంది.

అత్త: అదంతా బాగానే ఉంది. గుండ్రంగా తిప్పుకుంటూ పోతే కుట్టు పక్కకు ఒరుగుతుంది కదా? మొదటి వరసలో పొట్ట మధ్యనున్నది పదో వరసకు డొక్కలోకి పోతుంది. మరి దానికేం చేశావు?

(ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఆరు కుక్కలు పట్టాయి. మొహాలన్నీ ఒక పక్కకే తిరిగిపోతుంటే తప్పు మూతిలో ఉందనుకుని మూతులు విప్పుతూ కూర్చున్నాను. అత్త ఎప్పుడూ ఏ జంతువునూ అల్లలేదు. ఒళ్లో పెట్టుకున్న రెండు నిమిషాల్లో అడిగింది.)

నేను: పొట్ట మధ్యన తెల్లదారం గుర్తుగా వేస్తూ పోతాను. మూడు నాలుగు వరసలకోసారి తగ్గింపును ఒక కుట్టు జరుపుతాను. దారం లాగే తీరు కూడా మార్చాను. దారాన్ని సూది మీద చుట్టకుండా, సూదినే దారం మీదికి పోనిచ్చి లాగితే కుట్టు గుణకారం గుర్తులా పడుతుంది. ఒరగడం చాలా తగ్గుతుంది, బిగువూ వస్తుంది.

అత్త: మా అక్క అలాగే వేసేది. అది తప్పని తిట్టి మాన్పించారు.

నేను: వెనక కాళ్లు చూడు. అందరూ నాలుగు గొట్టాలు అల్లి తగిలిస్తారు, అందుకే అవి మంచం కోళ్లలా ఉంటాయి. కుక్క వెనక కాలు వెనక్కి వంగినట్టు కనబడే చోటు దాని మోకాలు కాదు, మడమ. కుక్క వేళ్ల మీదే నడుస్తుంది. అసలు మోకాలు పైన, పొట్ట పక్కనుంటుంది. మడమ దగ్గర వెనకవైపు రెండు కుట్లు పెంచి, ముందువైపు రెండు తగ్గించి, లోపల రాగితీగ వేస్తే అప్పుడు బరువు మోస్తున్నట్టు నిలబడుతుంది.

అత్త: కళ్లు మరీ చిన్నవి పెట్టావే. మొహం ముద్దొచ్చేట్టు లేదు.

నేను: ముద్దొస్తే అది బొమ్మైపోతుంది. జపానువాళ్లు అమిగురుమి అంటారే, ఆ అల్లిక బొమ్మలకు తల పెద్దది, నుదురు పెద్దది, కళ్లు కిందికి. పసిపిల్లల మొహం లెక్క అది. ఆ లెక్కకు మన మనసు ఎందుకు కరుగుతుందో 1943లోనే కొన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త రాశాడు. నేను దానికి ఎదురీదాలి. మన ఊరకుక్క కన్ను బాదంగింజ ఆకారం, పదోవంతులో 2 మిల్లీమీటర్ల నల్లపూస. నుదుటికీ మూతికీ మధ్య చిన్న పల్లం ఉంటుంది. అక్కడ లోపలినుంచి దారం లాగి ముడేస్తాను. ఆ పల్లం ఒక్క కుట్టు అటైతే నక్క, ఇటైతే ఎలుగు.

అత్త: పసిపిల్ల లాక్కునేట్టు చేస్తే కనీసం వాడుకుంటారు. ఇది గాజుపెట్టెలో ఉంటుంది.

నేను: పసిపిల్లలకు ఇది ఇవ్వనే ఇవ్వకూడదు అత్తా. లోపల తీగ, పైన పూసలు. గొంతులో పడతాయి.

అంతవరకూ మాది తగువు అనలేం. నేను తీగపళ్ల బ్రష్షు తీశాక మొదలైంది. పెంపుడు కుక్కల బొచ్చు దువ్వడానికి అమ్మేదే అది, చిన్నసైజు.

అత్త: ఆగాగు. ఏం చేస్తున్నావు?

నేను: దువ్వుతాను. కుట్లు కనబడకుండా పోయి బొచ్చు లేస్తుంది. అప్పుడు కత్తెరతో మట్టం చేస్తాను. మూతి నుంచి తోకవైపు ఒకే వాటంగా పడుకోబెట్టాలి. రొమ్ము దగ్గర సుడి తిరుగుతుంది, అక్కడ వేరేగా.

అత్త: ఇంత లెక్కపెట్టి, తొమ్మిదీ పొట్ట కిందే తగ్గించి, కుట్టు ఒరక్కుండా కాపాడి, ఇప్పుడు దాన్ని గీకి పారేస్తానంటావా? నీ తొమ్మిది ఎవరికి కనబడతాయే?

నేను: తొమ్మిది కనబడనక్కర్లేదు. పొట్ట కనబడుతుంది.

అత్త: నీకర్థం కావట్లేదు. చూడవే, ఎవరైనా ఒక లేసు ముక్క తెచ్చి నా ఒళ్లో పడేస్తే నేను వేలితో తడిమి చెబుతాను, ఎక్కడ మొదలెట్టారు, ఎక్కడ ఉండ అయిపోయి ముడేశారు, ఎక్కడ నిద్రకు తూగారు. మా అమ్మ పోయి ముప్పై ఏళ్లు. ఆవిడ అల్లిన దిండు గలీబు ఇప్పటికీ ఉంది. మూల దగ్గర మూడు చైనులు వెయ్యాల్సిన చోట రెండే వేసి, పక్క కుట్టును వదులు చేసి తిప్పింది. మూల లేవకుండా దిండుకు అంటుకుని పడుకుంటుంది. అమ్మకు అక్షరం రాదు. ఆ మూలే ఆవిడ రాత. అది చదివే నేను నేర్చుకున్నాను. నువ్వు అల్లింది దువ్వేశాక ఎవరు చదువుతారు? నీ తర్వాత దాన్ని పట్టుకున్న పిల్లకు ఏం తెలుస్తుంది? చేతి పని అంటే ఇంకో చేతికి అందాలి.

నేను: నేను ప్రతి వరసా కాగితం మీద రాస్తాను అత్తా.

అత్త: కాగితం నీ దగ్గరుంటుంది. కుక్క ఊరు దాటిపోతుంది.

నేను: కాగితం నా దగ్గరుండటమే నాకు కావాలి. కోపం తెచ్చుకోకు, ఒకటి అడుగుతాను. 1840లలో ఐర్లండులో కరువొచ్చినప్పుడు ఆడవాళ్లు పొట్టకోసం క్రోషా పట్టారు. ఇంచుమించు అదే కాలంలో, 1844లో, స్కాట్లండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు మన నరసాపురంలో లేసు నేర్పారని చెబుతారు. అంటే నూట ఎనభై ఏళ్లు. ఇంతకాలం మన ఆడవాళ్ల చేతులు ప్రపంచానికి అల్లాయి. కానీ శాంపిలు పైనుంచి వస్తుంది. ఒకరు చేతిపని, ఇంకొకరు అతుకుపని. పువ్వు అల్లినదానికి దుప్పటి ఎలా ఉంటుందో తెలియదు, దుప్పటి అతికినదానికి అది ఏ దేశం పోతుందో తెలియదు. మరియా మీస్ అనే జర్మనీ ఆవిడ ఇక్కడికి వచ్చి చూసి 1982లో ఒక పుస్తకమే వేసింది. ఇంత పనినీ ఇంటి ఇల్లాలు తీరికవేళ చేసుకునేదిగా లెక్కగట్టి కూలి తగ్గించారని ఆవిడ బాధ. నువ్వు యాభై ఏడేళ్లు అల్లావు. ఇది మొత్తం నాది, నేను గీసింది, నేను లెక్కగట్టింది అని ఒక్కటి చూపించగలవా?

(అత్త చాలాసేపు పలకలేదు. దారం చుట్టుకుంటూ కూర్చుంది. అడగకుండా ఉండాల్సింది అనిపించింది. కానీ అడిగినందుకే మిగతాది విన్నాను.)

అత్త: తీరికవేళట. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అల్లాను. మీ మావయ్య ఆసుపత్రిలో ఉంటే మంచం పక్కన అల్లాను. దాన్ని తీరిక అంటారా? సరే, నీ మాటకు జవాబు చెబుతా. ఒక ఏడాది ఏజెంటు ఒక పువ్వు శాంపిలిచ్చాడు. రేకుల మధ్య సందు ఎక్కువై ఉతికితే ముడుచుకుపోతోంది. నేను రేకు చివర ఒక డబుల్ ఎక్కువ వేసి, వెనక చైను తగ్గించాను. పువ్వు పళ్లెంలా విచ్చుకుంది. నేను చేసిన సరుకు మాత్రం తిప్పి పంపలేదు. మరుసటేడు అదే పువ్వు కొత్త శాంపిలని ఊరంతా పంచాడు. నా పువ్వే. నాకూ ఒకటిచ్చాడు, చూసి నేర్చుకోమని. పైనుంచి వచ్చిందంటున్నావు. ఏ పైనుంచి వచ్చిందే అది? నా ఒళ్లోంచి వచ్చింది. పేరు రాయలేదు గనక మేం ఏమీ గీయలేదనుకుంటున్నావు నువ్వు.

నేను: అలా అనుకున్న మాట నిజం. తప్పే.

అత్త: ఆ పువ్వును నాదని ఇప్పటికీ ఎందుకు చెప్పగలుగుతున్నానో తెలుసా? కుట్టు కనబడుతుంది గనక. నా డబుల్ అక్కడే ఉంది. దువ్విన ఊలైతే అదీ పోయేది.

నేను: కనబడింది గనకే ఏజెంటూ ఎత్తుకుపోయాడు అత్తా. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, ఎక్కడో యంత్రం మీద చేసిన సరుకుకు మన ఊరి పేరు తగిలించకుండా ఆపుతుంది. కానీ అందులో ఊరి పేరుంది, నీ పేరు లేదు. ఇంగ్లండులో శాలీ మ్యూర్, జొవానా ఓస్బోర్న్ అని ఇద్దరున్నారు. 2010లో కుక్కల్ని అల్లే పుస్తకం వేశారు. ఏ జాతికి ఎన్ని కుట్లో, ఎక్కడ తగ్గించాలో, అంతా అచ్చులో. అట్ట మీద వాళ్ల పేర్లు. ఎవరు అల్లుకున్నా డిజైను వాళ్లదే.

అత్త: ఏదీ, ఫోన్లో ఉంటే చూపించు.

(చూపించాను. కళ్లజోడు సవరించుకుని ఒక్కో కుక్కనూ పెద్దది చేసుకుని చూసింది.)

అత్త: ఇవి రెండు సూదుల అల్లిక. కుట్లన్నీ కనబడుతున్నాయి. వీళ్లెక్కడ దువ్వారు?

నేను: చాలావాటిని దువ్వలేదు.

అత్త: అయినా ఏ జాతి కుక్కో తెలుస్తోందిగా?

నేను: తెలుస్తోంది.

ఆ రోజుకు అక్కడితో ఆపాం. రాత్రి నిద్ర పట్టలేదు. అత్త నా ఉదాహరణతోనే నన్ను పట్టుకుంది. తెల్లారి గుమ్మం ముందు ఎండలో పడుకున్న కుక్కను మళ్లీ చూశాను. వెంట్రుక ఎంత పొట్టిదంటే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకలు పైకి తేలుతున్నాయి. పొమరేనియన్‌కు దువ్వడం అన్ని తప్పుల్నీ కప్పుతుంది. లోపల గుమ్మడికాయ ఉన్నా పైన పొమరేనియన్ కనబడుతుంది. పొట్టివెంట్రుక కుక్కకు దువ్వడమే ప్రమాదం. బొచ్చు లేస్తే ఒళ్లు వస్తుంది. మిల్లీమీటరు కంటే కిందికి కత్తిరిస్తే కత్తెర దారానికే తగలొచ్చు. దువ్విన దారం ముందే బలం తగ్గి ఉంటుంది, ఒక పోగు తెగితే కుట్టు జారుతుంది. వేలకొద్దీ రూపాయలిచ్చి కొనే బొచ్చుకుక్కల బొమ్మలకు ఈ చిక్కు తక్కువ. మన వీధిలో తిరిగేదాన్ని ఉన్నదున్నట్టు అల్లడమే అన్నిటికంటే కష్టం. ఆ సంగతి అత్తకు చెప్పాను. ఆమె గెలిచినట్టు మొహం పెట్టలేదు.

అత్త: మరి దువ్వడం దేనికే, అంత తెలిసీ?

నేను: ఒకావిడ ఫొటో పంపి చచ్చిపోయిన కుక్కను అల్లమంది. పద్నాలుగేళ్లు పెంచుకుందట. తయారయ్యాక ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. పెట్టె తెరిచింది. మొహం చూడలేదు. కళ్లు మూసుకుని బొటనవేలితో చెవి వెనక నిమిరింది. అలాగే కూర్చుండిపోయింది. అత్తా, కుక్కను మనం చూసేదానికంటే నిమిరేదెక్కువ. కన్ను కంటే ముందు చెయ్యి గుర్తుపడుతుంది. లేసును నువ్వు వేలితో చదువుతావు, సరే. ఆవిడకు కుట్టు చదవడం రాదు. ఆవిడ వేలికి తెలిసింది ఆ వెంట్రుక వాటం ఒకటే. దాన్ని నేను ఇవ్వకపోతే ఆ మిగతా లెక్కంతా ఆవిడకు దేనికి?

(అత్త దీనికి ఏమీ అనలేదు. ఆమెకూ ఒకప్పుడు ఒక కుక్క ఉండేది. తుపాను వచ్చిన ఏడు పోయింది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తురాలేదు.)

అత్త: దీనికెంత దారం పట్టింది?

నేను: ఆరేడు గ్రాములు.

అత్త: ఎన్నాళ్లు పట్టింది?

నేను: కొలతలూ గీతలూ రెండు రోజులు. అల్లకం ఇరవై గంటల పైనే. దువ్వి కత్తిరించడానికి ఇంకో పది.

అత్త: మాకు కూలి దారం లెక్కన. ఇన్ని ఉండలు అల్లితే ఇంత. ఆ లెక్కన నీ ఆరు గ్రాములకు టీ నీళ్ల డబ్బులు కూడా రావు.

నేను: అందుకే ఆ లెక్క ఒప్పుకోను. నేను అడిగే డబ్బులో సగం ఆ రెండు రోజులది. కుక్క ముందు కూర్చుని చూసినదానికి. దారం ఎంత పోయిందని అడిగితే చూపుకు విలువ సున్నా. నీ పువ్వు రేకు చివర ఎక్కువ వేసిన ఒక్క డబుల్‌కు దారం ఎంత పట్టుంటుంది? జానెడు ఉండదు. ఆ జానెడుతోనే వాడు ఏడాదిపాటు బతికాడు.

అత్త: ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదే.

నేను: నీ డబుల్ సంగతి నువ్వూ నాకు ఇన్నాళ్లూ చెప్పలేదు.

అత్త: అడిగావా ఎప్పుడైనా? సరే, అవన్నీ అలా ఉంచు. ఒకటి చెబుతా విను. మేజాగుడ్డ దేనిలాగానూ ఉండక్కర్లేదు. అది అదే. నీ కుక్క ఎప్పుడూ ఇంకోదాని పక్కన నిలబడి తనను పోల్చి చూడమంటుంది. నాకు అది చిన్నతనంగా అనిపిస్తుంది, పనికి.

నేను: నాకు అలా అనిపించదు. నేను అల్లకముందు ఇన్నేళ్లూ ఈ గుమ్మంలో ఈ కుక్కను దాటుకుంటూ వెళ్లాను. దాని మూపు ఎక్కడుందో నాకు తెలియదు. ఒక కుట్టు తప్పితే నక్కవుతుందన్న భయం నన్ను దాని ముందు రెండు రోజులు కూర్చోబెట్టింది. పోలిక కోసం పడే పాట్లే లేకపోతే నేను దాన్ని చూసేదాన్నే కాదు.

అత్త: ఊఁ. ఇలా తే, వెనక కాళ్లు చూడలేదు నేను.

మూడో మధ్యాహ్నం ఎండ అరుగు మీదికి ఎక్కుతోంది. అత్త కళ్లజోడు తీసేసి, బొమ్మను బోర్లించి, బొటనవేలి గోటితో కుడి తొడ చుట్టూ కుట్లు లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. తర్వాత ఎడమ తొడ. మళ్లీ కుడి.

అత్త: కుడిది 17. ఎడమది 15. రెండు జారిపోయాయి, చూసుకోలేదు నువ్వు. విప్పు.

నేను: జారలేదు అత్తా. కావాలనే వేశాను.

అత్త: కావాలనే ఎందుకు వేస్తారే?

నేను: రెండేళ్ల కిందట బండి తగిలింది దానికి. నువ్వే పసుపు పెట్టి కట్టుకట్టావు.

అత్త: అది మానిపోయిందిగా. కుంటడం కూడా లేదు.

నేను: కుంటడం లేదు. తొడ నిండలేదు. టేపు పెట్టి చూశాను, ఒక పక్క 28, ఇంకో పక్క 25.

అత్త అరుగు దిగింది. మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కుక్క పక్కన గొంతుకూర్చుని, ఒక చేత్తో దాని కుడి తొడ, ఇంకో చేత్తో ఎడమ తొడ పట్టుకుంది. కుక్క తల కూడా ఎత్తలేదు, తోక మాత్రం ఒకసారి నేలకేసి కొట్టింది. చాలాసేపు అలాగే నిమురుతూ ఉంది. రోజూ చద్దన్నం పెడుతున్నదానికి ఆ సంగతి తెలియకుండా పోయిందని గొణుక్కుంది. పైకి వచ్చి కొంగుతో చెయ్యి తుడుచుకుని బొమ్మను మళ్లీ తీసుకుంది.

అత్త: పదిహేనే. సరిగ్గానే వేశావు. ఇది దువ్వితే ఎవరికి తెలుస్తుందే?

నా దగ్గర జవాబు లేదు. హైదరాబాదు వచ్చాక మెడ, వీపు, తోక దువ్వాను. చెవుల వెనక ఇంకొంచెం మెత్తగా, చేతికి తెలిసేట్టు. తొడలు రెండూ ఇంకా అలాగే ఉన్నాయి.